చాప పరిచేసరికి పాప లేస్తోంది: బాలింతలు వ్యాయామం ఎప్పుడు చేస్తున్నారు?

అరకొర_నిద్ర | సోమవారం, రాత్రి 2:50

పాప పుట్టి తొమ్మిది వారాలు. తొలికాన్పు. మామూలు ప్రసవమే, కుట్లు పడ్డాయి. కడుపుతో ఉండకముందు వారానికి మూడు రోజులు ఐదేసి కిలోమీటర్లు పరుగెత్తేదాన్ని, రెండు రోజులు బరువులు ఎత్తేదాన్ని. గొప్పకు చెప్పడం లేదు. ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చానో తెలియాలని చెబుతున్నాను.

ఆరో వారంలో చూపించుకోవడానికి వెళ్తే డాక్టరు "అంతా బాగుంది, ఇక మామూలుగా వ్యాయామం చేసుకోవచ్చు" అన్నారు. మామూలుగా అంటే ఎలాగో అడిగేలోగా పాప ఏడుపు అందుకుంది. వచ్చేశాను.

ఇంటికి వచ్చాక ముప్పై నిమిషాల వీడియో ఒకటి ఎంచుకున్నాను. మూడు వారాల్లో దాన్ని పదకొండు సార్లు మొదలుపెట్టాను. ఒక్కసారి కూడా ఏడో నిమిషం దాటలేదు. ఏడో నిమిషంలో అందులోని అమ్మాయి "ఒళ్లు వేడెక్కింది కదా, ఇప్పుడు అసలు పని మొదలుపెడదాం" అంటుంది. ఆ అసలు పని ఏమిటో నాకు ఇంతవరకూ తెలియదు. చాప పరిచిన చప్పుడుకే పాప కళ్లు తెరుస్తోందని నా అనుమానం.

మీరంతా ఎప్పుడు చేస్తున్నారు? పొద్దునా, రాత్రా, బిడ్డ నిద్రపోయినప్పుడా? పాప పడుకుంటే నాకూ పడుకోవాలనే ఉంటుంది. పడుకుంటే ఆ రోజూ ఏమీ చేయలేదన్న దిగులు. మొన్న తుమ్మితే కూడా... సరే, అది వేరే సంగతి.

క్రమశిక్షణ | సోమవారం, ఉదయం 5:40

మనసుంటే మార్గం ఉంటుందండీ. నేను ఎనిమిదేళ్లుగా తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తున్నాను. ఇల్లంతా నిద్రలో ఉన్నప్పుడు ఆ గంట పూర్తిగా మనది. రాత్రి తొమ్మిదికల్లా పడుకుంటే ఎవరికైనా సాధ్యమే. మొదటి మూడు వారాలే కష్టం.

కవలల_అమ్మ | సోమవారం, ఉదయం 6:15

ఏ నాలుగున్నర అండీ? మూడింటికి ఒకడికి పాలిచ్చి, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని, వాడిని పడుకోబెట్టి, మూడున్నరకు రెండోవాడు లేస్తే వాడికీ అదంతా చేసి, నాలుగుంపావుకు నడుం వాల్చితే వచ్చే నాలుగున్నరా?

ఇల్లంతా నిద్రలో ఉండే గంట అంటూ మా ఇంట్లో లేదు. కాపలావాళ్లలా వంతులవారీగా పడుకుంటున్నాం.

రెండో_కాన్పు | సోమవారం, ఉదయం 10:05

అరకొర_నిద్ర గారూ, ముందు ఆ వీడియో పక్కన పెట్టేయండి. అది చెడ్డదని కాదు. అరగంట నోటు చేతిలో ఉన్న మనిషి కోసం చేసింది అది. మన దగ్గర ఉన్నదంతా చిల్లర. రెండు నిమిషాలు, నాలుగు నిమిషాలు, అదృష్టం బాగుంటే తొమ్మిది. మొదటి కాన్పు తర్వాత నేను నోటు కోసం ఎదురుచూస్తూ చిల్లరంతా పారేసుకున్నాను. ఏడాది గడిచిపోయింది.

రెండోసారి గడియారాన్ని వదిలేసి, వ్యాయామాన్ని బాబు పనులకు ముడివేశాను. వాడి బట్టలు మార్చిన ప్రతిసారీ, వాడిని ఊయలలో వేశాక, మునివేళ్ల మీద పదిసార్లు లేచి దిగేదాన్ని. పాలివ్వడానికి కుర్చీలో కూర్చునే ముందు, చేతులు ఆనించకుండా ఐదుసార్లు కూర్చుని లేచేదాన్ని. తేన్పు కోసం ఎలాగూ భుజాన వేసుకోవాలి కదా, ఆ పది నిమిషాలు నిలబడి ఊగే బదులు గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు నడిచేదాన్ని. వాడు పడుకున్నాక గోడకు రెండు చేతులూ ఆనించి ఎనిమిది దండీలు. నేల మీద దండీలు ఏడో నెలలో గాని చేయలేదు.

బట్టలు మార్చే చోట గోడకు ఒక కాగితం అంటించి, దారంతో పెన్సిల్ కట్టాను. ఒక్కో విడతకు ఒక గీత, ఐదో గీత అడ్డంగా. సాయంత్రానికి ఏమీ చేయలేదు అనిపించినప్పుడు ఆ కాగితం చూసేదాన్ని. పదకొండు గీతలు ఉండేవి. ఒక్కోరోజు రెండే ఉండేవి, అదీ నిజమే.

తొందరపడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. మొదటి కాన్పు అయ్యాక పొట్ట తగ్గాలని నాలుగో వారంలోనే ప్లాంక్ (మోచేతులు, మునివేళ్ల మీద ఒళ్లంతా నిటారుగా నిలిపి ఉంచడం) మొదలుపెట్టాను. మూడో రోజుకల్లా, అప్పటికే పలచబడి గోధుమరంగుకు మారిన రక్తస్రావం మళ్లీ ఎర్రగా మొదలైంది. హడలిపోయి డాక్టరు దగ్గరకు పరుగెత్తాను. ప్రమాదం ఏమీ లేదన్నారు గాని, "లోపల గాయం ఇంకా మానలేదమ్మా, నీ శరీరం ఆగమని చెప్పింది" అన్నారు. పైకి కనిపించదు కాబట్టి మరిచిపోతాం. మాయ ఊడిన చోట గర్భసంచిలో అరచేతికన్నా పెద్ద పచ్చిపుండు ఉంటుంది. అది మానడానికే ఆరు వారాలు పడుతుంది.

ఫిజియో_మాట | సోమవారం, మధ్యాహ్నం 1:30

"మొన్న తుమ్మితే కూడా... అది వేరే సంగతి" అన్నారు చూడండి, అది వేరే సంగతి కాదు. అసలు సంగతే అది. నేను పదమూడేళ్లుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను, ఎక్కువగా కాన్పు అయినవాళ్లతోనే. నా దగ్గరకు వచ్చే ప్రతివారూ ఆ మాటను చివర్లోనే, తలుపు దగ్గర నిలబడి చెబుతారు.

తుమ్మినా, దగ్గినా, నవ్వినా మూత్రం చుక్కలుగా పడుతోందంటే కటి అడుగున ఊయలలా ఉండి మూత్రాశయాన్ని, గర్భసంచిని, పేగు చివరను మోసే కండరాలు సాగి బలహీనపడ్డాయని అర్థం. తొమ్మిది నెలలు మోసి, ప్రసవంలో అంతగా సాగాక బలహీనపడటంలో వింత లేదు. సిగ్గుపడాల్సింది అంతకన్నా లేదు. కానీ పిల్లలు పుట్టాక ఇది ఇంతే అని సర్దుకోవడం మాత్రం తప్పు. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టరు 1948లోనే ఈ కండరాలకు వ్యాయామం ఉందని రాశారు. ఆయన పేరుతోనే కెగెల్ వ్యాయామాలు అంటున్నాం.

ఎలా చేయాలంటే, నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ పోకుండా బిగబట్టుకుంటారు చూడండి, ముందు అలా బిగించండి. ఆ బిగింపును వెనక నుంచి ముందుకు, అక్కడి నుంచి పైకి లాగుతున్నట్టు అనుకోండి. పిరుదులు, తొడలు కదలకూడదు, ఊపిరి ఆగకూడదు. ఐదు లెక్కపెట్టేదాకా పట్టుకోలేకపోతే మూడుతో ఆపండి. తర్వాత పూర్తిగా వదలండి. చాలామంది ఈ వదలడం దగ్గరే తప్పు చేస్తారు, సగమే వదిలి మళ్లీ బిగిస్తారు. ఇలా ఎనిమిది సార్లు చేస్తే ఒక విడత, రోజుకు మూడు విడతలు, కనీసం మూడు నెలలు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లో ఉన్న లెక్క ఇది. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయమని కొందరు చెబుతారు, ఆ అలవాటు వద్దు. దీనికి చాప అక్కర్లేదు, మీరు పాలిస్తూ చేస్తే ఎవరికీ తెలియను కూడా తెలియదు.

రెండోది పొట్ట. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, బొడ్డు మీద వేళ్లు నిలువుగా పెట్టి, తల కాస్త పైకెత్తండి. రెండు పక్కలా కండరాలు గట్టిపడి, మధ్యలో మెత్తటి సందు తగులుతుంది. అందులో రెండు వేళ్లకన్నా ఎక్కువ పడుతుంటే, లేదా తల ఎత్తినప్పుడు పొట్ట మధ్యన గట్టులా ఉబ్బుతుంటే, లేచి కూర్చునే తరహా వ్యాయామాలు, ప్లాంకులు ఇప్పుడే వద్దు. దీన్ని డయాస్టాసిస్ అంటారు. నార్వేలో 300 మంది తొలికాన్పు తల్లులను గమనించిన పరిశోధన 2016లో వచ్చింది. ఆరో వారంలో నూటికి 60 మందికి ఈ ఎడం ఉంది, ఏడాదికి 33 మందికి మిగిలింది. అంటే చాలామందికి దానంతటదే తగ్గుతుంది, కొందరికి సాయం కావాలి.

ఇంకొక్క మాట. పాపను ఎత్తుకునేటప్పుడు ఊపిరి బిగబడుతున్నారా? అందరూ అంతే. ముందు ఊపిరి వదలడం మొదలుపెట్టి, వదులుతూ, కింద కండరాలు బిగించి అప్పుడు లేపండి. రోజుకు పాపను ముప్పైసార్లు ఎత్తుతారనుకుంటే ముప్పైసార్లు సాధన అయినట్టే.

అరకొర_నిద్ర | సోమవారం, రాత్రి 11:20

ఫిజియో_మాట గారూ, మీ పోస్టు చదువుతూ ఆ బిగింపు ప్రయత్నించాను. కనుబొమలు కూడా బిగుసుకున్నాయి. మా ఆయన చూసి ఏమైనా నొప్పా అని అడిగారు.

పొట్ట కూడా చూసుకున్నాను. రెండున్నర వేళ్లు. ఆ వీడియో ఏడో నిమిషం దాటకపోవడం మంచిదే అయిందేమో. మరి పరుగు ఎప్పుడు? నిజంగా నాకు కావలసింది అదొక్కటే.

ఫిజియో_మాట | మంగళవారం, ఉదయం 8:10

రెండున్నరకు భయపడకండి, తొమ్మిదో వారమే కదా. ఆరు వారాల తర్వాత మళ్లీ చూసుకోండి.

పరుగు గురించి 2019లో బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు ప్రత్యేకంగా మార్గదర్శకాలు రాశారు. అన్నీ బాగుంటే మూడు నెలల తర్వాత, ఎక్కువమందికి మూడు నుంచి ఆరు నెలల మధ్య. కానీ నెలలు లెక్కపెట్టడంకన్నా శరీరాన్ని అడగడం మంచిది. అరగంట చురుగ్గా నడవగలగాలి. ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడగలగాలి. ఉన్నచోటే నిమిషం పాటు పరుగు పెట్టగలగాలి. ఒక్కో కాలి మీద పదిసార్లు గెంతగలగాలి. ఇవన్నీ నొప్పి లేకుండా, చుక్క పడకుండా, కింద బరువుగా ఏదో జారుతున్నట్టు అనిపించకుండా జరగాలి. ఆ జారుతున్న భావన ఉంటే పరుగు సంగతి పక్కన పెట్టి డాక్టరును కలవండి.

లెక్కల_టీచర్ | మంగళవారం, ఉదయం 9:00

నాకు తెలిసిన పని లెక్కే కాబట్టి ఆ లెక్క చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ బాలింతలకు కూడా వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ చెబుతోంది. ఓ మోస్తరు అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ఏడుతో భాగిస్తే రోజుకు 22 నిమిషాలు కూడా లేదు.

ఇప్పుడు అసలు విశేషం. 2010లో అదే సంస్థ సలహాల్లో, ఒక్కో విడత పది నిమిషాలకు తగ్గకూడదు అని ఉండేది. 2020లో ఆ షరతు తీసేశారు. ఎంతసేపు చేసినా లెక్కలోకి వస్తుంది. రెండో_కాన్పు గారి చిల్లర ఇప్పుడు చెల్లుతుంది.

సిజేరియన్_మూడోనెల | మంగళవారం, మధ్యాహ్నం 3:45

నాకు కోత పైన ఇంకా మొద్దుబారినట్టే ఉంది. కొంచెం వంగితే లాగుతోంది. పన్నెండో వారం. నడక తప్ప ఏదీ చేయడానికి ధైర్యం లేదు. ఇంట్లోవాళ్లేమో "నువ్వేం నొప్పులు పడ్డావని" అంటారు.

రెండో_కాన్పు | మంగళవారం, సాయంత్రం 4:20

నొప్పులు పడలేదని ఎవరు అన్నారో వాళ్లకు ఒక్కసారి చెప్పండి: చర్మం, కొవ్వు, కండరాల మీది పొర, కడుపు లోపలి పొర, గర్భసంచి గోడ, ఇన్నింటిని దాటి బిడ్డను తీశారని. వేరే ఏ ఆపరేషన్ చేయించుకున్న మనిషినైనా మర్నాటి నుంచి రెండు గంటలకోసారి లేచి ఒకరికి సేవ చేయమంటామా?

ఫిజియో_మాట | మంగళవారం, సాయంత్రం 6:00

మొద్దుబారడం మామూలే, కోసిన చోట చర్మపు నరాలు మెల్లగా కోలుకుంటాయి. నెలలు పట్టవచ్చు. గాయం పూర్తిగా మూసుకుని ఉంటే స్నానం తర్వాత మచ్చ మీద, దాని చుట్టూ వేళ్లతో మెల్లగా అటూ ఇటూ కదుపుతూ మర్దన చేయండి. ఆ లాగడం చాలావరకు సడలుతుంది. కటి కండరాల వ్యాయామం సిజేరియన్ వాళ్లకూ అవసరమే. తొమ్మిది నెలలు మోసింది మీరూ కదా. నడక ఇప్పటికే చేస్తున్నారంటే మీరు "ఏదీ చేయని" మనిషి కారు.

అందరికీ ఒక హెచ్చరిక కూడా ఇక్కడే రాస్తాను. ఒక కాలి పిక్కలో మాత్రమే నొప్పి, వాపు, వేడి ఉంటే అది వ్యాయామం చేసిన నొప్పి అనుకోకండి. కాన్పు తర్వాత మొదటి ఆరు వారాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, తగ్గని తలనొప్పి, జ్వరం, గంటలో ప్యాడ్ తడిసిపోయే రక్తస్రావం, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇక్కడ పోస్టు పెట్టి జవాబు కోసం ఎదురుచూడవద్దు.

కొత్త_సభ్యురాలు_7 | మంగళవారం, రాత్రి 9:30

వ్యాయామం చేస్తే పాలు తగ్గుతాయనీ, పుల్లబడతాయనీ విన్నాను. అందుకే మానేశాను.

లెక్కల_టీచర్ | మంగళవారం, రాత్రి 10:15

నా రెండోవాడికి పాలిచ్చేటప్పుడు నాకూ అదే భయం ఉండేది, వెతికి చదివాను. 1994లో ఒక పేరున్న అమెరికన్ వైద్య పత్రికలో వచ్చింది. పూర్తిగా తల్లిపాలే ఇస్తున్న 33 మంది తల్లులను రెండు జట్లు చేశారు. ఒక జట్టు రోజుకు 45 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, 12 వారాలు వ్యాయామం చేసింది. పాల పరిమాణంలో గాని, పాలలోని పోషకాల్లో గాని, పిల్లల బరువు పెరగడంలో గాని తేడా రాలేదు. శక్తికి మించి ఆయాసపడేలా చేస్తే పాలలో లాక్టిక్ ఆమ్లం కాస్త పెరుగుతుందట, అదీ కొద్దిసేపే. 33 మంది చిన్న లెక్కే, ఒప్పుకుంటాను. అయినా ఆ భయంతో మానేయాల్సిన పని లేదు. ముందు పాలిచ్చి తర్వాత చేస్తే మీకే సుఖం, నిండుగా ఉన్న రొమ్ములతో గెంతడం ఎవరివల్ల అవుతుంది? కడుపునిండా తినండి, దాహానికి నీళ్లు తాగండి. పాలిచ్చే ఒంటికి రోజుకు దాదాపు 500 కేలరీలు అదనంగా కావాలి. వ్యాయామమూ చేస్తూ, తిండీ తగ్గిస్తే అప్పుడు నీరసించిపోతారు.

క్రమశిక్షణ | బుధవారం, ఉదయం 5:15

నేను మంచికే చెప్పాను, అందరూ నా మీద పడ్డారు. సినిమా తారలు, క్రీడాకారిణులు రెండు నెలల్లో మామూలు ఆకారానికి వస్తున్నారు కదా? వాళ్లకూ పిల్లలే పుట్టారు.

రాకెట్టు | బుధవారం, ఉదయం 7:50

క్రీడాకారిణుల మాట వచ్చింది కాబట్టి: సానియా మీర్జాకు 2018 అక్టోబరులో కొడుకు పుట్టాడు. ఆమె మళ్లీ టోర్నీలో దిగింది 2020 జనవరిలో, హోబార్ట్‌లో. వచ్చీరాగానే డబుల్స్ గెలిచింది, అది వేరే గొప్ప. కానీ లెక్క చూడండి, పద్నాలుగు నెలలు దాటింది. ఒళ్లే వృత్తిగా ఉన్న మనిషికి అంత పట్టింది.

ఓ_నాన్న | బుధవారం, రాత్రి 8:40

ఇక్కడ మగవాళ్లు రాయవచ్చో లేదో తెలియదు. మా బాబుకు ఐదో నెల.

మా ఆవిడకు నేను రోజూ చెప్పేవాడిని, "వెళ్లి నీ వ్యాయామం చేసుకో, నేను చూసుకుంటాను" అని. తను పక్క గదిలోకి వెళ్లేది. నేను ఐదు నిమిషాలకోసారి తలుపు తట్టేవాడిని. వాడి చొక్కాలు ఏ అరలో ఉన్నాయి? ఈ ఏడుపు ఆకలికా, నిద్రకా? ఒకరోజు తను చాప మీద కూర్చుని, ఏమీ చేయకుండా గోడవైపు చూస్తూ ఉంది. ఏమైందంటే, "నువ్వు ఎప్పుడు తడతావా అని చూస్తున్నాను" అంది. కోపంగా కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ తగిలింది.

ఇప్పుడు సాయంత్రం ఆరుంపావుకు వాడిని ఎత్తుకుని ఇంట్లోంచి నేనే బయటికి వెళ్లిపోతున్నాను. ఆరుముప్పావుకు తిరిగి వస్తాను. ఏడిస్తే బయటే ఏడుస్తాడు, నేనే ఊరడిస్తాను. మొదటి వారం ఇద్దరం ఏడుపు మొహాలతో తిరిగి వచ్చాం. ఇప్పుడు వాడికి ఆ వేళ అలవాటైంది, ఆరింటి నుంచే తలుపు వైపు చూస్తున్నాడు. మూసిన తలుపు అవతల బిడ్డ గొంతు వినబడుతుంటే ఏ తల్లీ కాళ్లూ చేతులూ ఆడించలేదని నాకు ఐదు నెలలకు అర్థమైంది.

కవలల_అమ్మ | బుధవారం, రాత్రి 9:10

ఇంతవరకూ ఇక్కడ అందరం సమయం "దొరకడం" గురించి మాట్లాడాం. అది రోడ్డు మీద పడి ఉండదు. ఎవరో ఒకరు ఇవ్వాలి. ఓ_నాన్న గారూ, మీ పోస్టు మా ఇంట్లో ఒకరికి పంపిస్తున్నాను, ఏమీ అనుకోకండి.

ఒంటరి_పోరు | గురువారం, రాత్రి 1:05

బిడ్డను ఎత్తుకుని బయటికి వెళ్లేవాళ్లు లేని ఇళ్లూ ఉంటాయండీ. నాకు నేనే. నాలుగో నెల పాప.

కవలల_అమ్మ | గురువారం, ఉదయం 6:30

తొందరపడి రాశాను, క్షమించండి.

నాకు పగలంతా ఎవరూ ఉండరు, అప్పుడు చేసేది చెబుతాను. పిల్లలు చాప మీదికి రాకుండా చూడటం మానేసి, వాళ్లనే చాప మీదికి తెచ్చుకున్నాను. ఇంకా పాకని పిల్లలను మెలకువగా ఉన్నప్పుడు రోజుకు మొత్తం అరగంటైనా బోర్లా పడుకోబెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది, విడతలు విడతలుగా. అంటే వాళ్లకూ రోజువారీ వ్యాయామం ఉంది. వాళ్ల ఎదురుగా నేనూ మోచేతుల మీద బోర్లా పడుకుంటాను. మా చిన్నవాడు తల ఎత్తి నా మొహం చూసి, అలిసిపోయి, ముక్కు నేలకు ఆనించి గుర్రుమంటాడు. నేను ఊపిరి వదులుతూ పొట్ట బిగిస్తాను. మూడు నిమిషాలకు ముగ్గురికీ చాలు.

తర్వాత నేను వెల్లకిలా తిరిగి, మోకాళ్లు మడిచి, నడుము పైకెత్తి దించుతాను. ఒకడిని పొట్ట మీద కూర్చోబెట్టుకుని చేసేదాన్ని గాని, రెండోవాడు ఊరుకోవడం లేదు.

మీ పాప మెడ నిలిచి ఉంటుంది కదా? బిడ్డను ఒంటికి కట్టుకునే క్యారియర్‌లో ముందు కట్టుకుని నడవండి. మొహం మీకు కనిపిస్తూ ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనుకోకూడదు, తల వంచితే నుదుటి మీద ముద్దు పెట్టగలిగేంత ఎత్తులో ఉండాలి. కట్టుకుని పరుగు మాత్రం వద్దు.

ఒంటరి_పోరు | గురువారం, ఉదయం 11:40

మెడ నిలిచింది. నిన్ననే బోర్లా కూడా పడింది. చెప్పడానికి ఎవరూ లేక ఇక్కడ చెబుతున్నాను.

రెండో_కాన్పు | గురువారం, ఉదయం 11:48

శుభం! ఏ పక్కకు పడింది?

ఒంటరి_పోరు | గురువారం, మధ్యాహ్నం 12:02

ఎడమకు. తర్వాత చెయ్యి కింద ఇరుక్కుని ఏడ్చింది.

మబ్బు | శుక్రవారం, రాత్రి 3:20

అందరూ ఎలా చేయాలో రాస్తున్నారు. నాకు చేయాలనే అనిపించడం లేదు. వ్యాయామమే కాదు, ఏదీ. పాపను చూస్తే కూడా. మూడు నెలలు. నిద్ర దొరికినా పట్టడం లేదు. బద్ధకం అనుకుంటున్నారు ఇంట్లో. నేనూ అదే అనుకుంటున్నాను.

ఫిజియో_మాట | శుక్రవారం, ఉదయం 6:05

మబ్బు గారూ, మీరు రాసింది బద్ధకం కాదు. నిద్ర దొరికినా పట్టకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం, అదీ ఇన్ని వారాలు, ఇవి ప్రసవానంతర కుంగుబాటు లక్షణాలు. కాన్పు తర్వాత నూటికి 13 మంది తల్లులకు ఇలాంటి మానసిక సమస్య వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డాక్టర్ల దగ్గర దీనికి పది ప్రశ్నల చిన్న పరీక్ష ఉంది, 1987 నుంచి వాడుతున్నారు. మందులు ఉన్నాయి, పాలిస్తూ వాడగలిగినవీ ఉన్నాయి. రక్తహీనత, థైరాయిడ్ తేడాలు కూడా మనిషిని ఇలాగే కుంగదీస్తాయి, రక్తపరీక్షలో తెలిసిపోతాయి. ఈరోజే వెళ్లండి. వ్యాయామం సంగతి ఇప్పుడు ఎవరూ మిమ్మల్ని అడగరు. మిమ్మల్ని గాని పాపను గాని ఏమైనా చేసుకోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఒంటరిగా ఉండకండి. పక్కన ఉన్నవాళ్లను లేపి చెప్పండి, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి.

పాత_సభ్యురాలు | శుక్రవారం, ఉదయం 6:40

మబ్బూ, తల్లీ, నేను నీకన్నా ముప్పై ఏళ్లు పెద్దదాన్ని. నాకూ అలాగే అయింది. అప్పట్లో దానికి పేరు ఉందని కూడా మాకు తెలియదు. డాక్టరు దగ్గర మాట పెగలకపోతే పైన నువ్వు రాసిన ఆ నాలుగు మాటలే ఫోనులో తెరిచి చేతికి ఇవ్వు. చాలు. వచ్చాక ఇక్కడ ఒక్క మాట రాయి.

మబ్బు | శుక్రవారం, సాయంత్రం 7:15

వెళ్లాను. ఫోను ఇచ్చాను. చదివి, కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నారు. వచ్చే మంగళవారం మళ్లీ రమ్మన్నారు.

క్రమశిక్షణ | శనివారం, ఉదయం 5:30

ఈ చర్చంతా మొదటి నుంచి చదివాను. మా అక్కకు పోయిన నెల బాబు పుట్టాడు. నాలుగున్నరకు ఎలాగూ లేస్తాను కదా, రేపటి నుంచి ఐదు నుంచి ఆరు దాకా వాడిని నేను ఎత్తుకుంటానని అడిగాను. వ్యాయామం చేసుకుంటావా అంటే, "పిచ్చివాడా, పడుకుంటాను" అంది.

కవలల_అమ్మ | శనివారం, ఉదయం 5:33

మీ చిరునామా కాస్త పంపుతారా?

సిజేరియన్_మూడోనెల | శనివారం, ఉదయం 10:20

మీ అక్కగారు సరిగ్గా చెప్పారు. వ్యాయామమా నిద్రా అని తేల్చుకోవలసి వస్తే నేనూ నిద్రకే ఓటు వేస్తాను. ముక్కలు ముక్కలుగా నాలుగు గంటలు పడుకున్న రోజు బరువులు ఎత్తితే వచ్చేది బలం కాదు, నడుం నొప్పి.

అరకొర_నిద్ర | నాలుగు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 7:05

మళ్లీ వచ్చాను. పదమూడో వారం.

కాగితం అంటించాను. పెన్సిల్‌కు దారం కట్టకపోతే ఎంత తొందరగా మాయమవుతుందో రెండో రోజుకే తెలిసింది. పాలిచ్చేటప్పుడు ఎనిమిది బిగింపులు చేస్తున్నాను. పాప రోజుకు తొమ్మిదిసార్లు తాగుతుంది, నాకు మూడు విడతలు గుర్తుంటే గొప్ప. తుమ్ము ఇంకా పూర్తిగా నా అదుపులోకి రాలేదు, దగ్గు మాత్రం అదుపులోకి వచ్చింది. పొట్ట ఎడం ఇప్పుడు రెండు వేళ్లే. బొటనవేలి వైపు మణికట్టు నొప్పి కొత్తగా మొదలైంది. పాపను చంకల కింద వేళ్లు చాచి ఎత్తడం వల్లనేమో అని ఇక్కడే ఇంకో చర్చలో చదివి, అరచేతులు కిందుగా పోనిచ్చి ఎత్తుతున్నాను. కాస్త నయం.

మా ఆయనకు ఓ_నాన్న గారి పోస్టు చదివి వినిపించాను. ఏమీ అనలేదు. మర్నాడు సాయంత్రం పాపను ఎత్తుకుని చెప్పులు వేసుకున్నారు. "చొక్కాలు ఏ అరలో?" అని అడగబోయి ఆగిపోయారు, నాకు వినబడింది.

మొదటి రోజు ఆ అరగంటలో ఏం చేశానో చెప్పమంటారా? ఇంట్లో ఎవరూ లేరు. పది నిమిషాలు నేల మీద వెల్లకిలా పడుకున్నాను. తర్వాత లేచి చుట్టుపక్కల ఒక్కదాన్నే నడిచాను. చేతులు ఏం చేయాలో తెలియలేదు, అంత ఖాళీగా ఉన్నాయి.

పరుగు ఇంకా లేదు. ఎడమ కాలి మీద పది గెంతులు వచ్చాయి, కుడి కాలి మీద ఆరుకే చుక్క పడింది. వచ్చే నెల మళ్లీ చూస్తాను.

నిన్న ఆ పాత వీడియో కూడా పెట్టాను. చేయడానికి కాదు, చూడటానికి. ఏడో నిమిషం దాటాను.

రెండో_కాన్పు | ఆదివారం, సాయంత్రం 7:12

చెప్పండి మరి! అసలు పని ఏమిటి?

అరకొర_నిద్ర | ఆదివారం, సాయంత్రం 7:14

"ముందు వెళ్లి కాసిని నీళ్లు తాగి రండి" అంటుంది.